పెనుగొలనులో రాయైన చెట్టు

ఇరవయ్యేళ్లుగా ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతున్నాను. చెట్టు కూడా సిలికాగా మారుతుందని చదివానే తప్ప కళ్లతో చూడలేదు. తిరువూరు దగ్గరి పెనుగొలను ఊళ్లో కర్రలాంటి రాయి దొరికిందని, దాన్ని ఇంటి పునాదిలో వేసేస్తున్నారని ఆ ప్రాంతంలో పనిచేసే మిత్రుడు ఫోన్ చేయడంతో మర్నాడే బయలుదేరాను.

విజయవాడలో ఉదయం ఆరింటికి బస్సెక్కితే ఎనిమిదిన్నరకు తిరువూరు చేరాను. బస్టాండు పక్కన ఇడ్లీ తిని షేర్ ఆటో ఎక్కాను. మనిషికి నలభై రూపాయలు. "మరియమ్మ గారి రాయి కోసమేగా సార్?" అన్నాడు డ్రైవరు. "ఆవిడ చెట్టంటది, వాళ్లాయన రాయంటాడు. పది రోజుల నుంచీ ఇదే గొడవ."

మరియమ్మ వ్యవసాయ కూలీ. ఒక రైతు పొలంలో గట్టు తవ్వుతుంటే ఆ దుంగ బయటపడింది. రైతునడిగి, పొయ్యిలోకి పనికొస్తుందని తెచ్చుకుంది. గొడ్డలి వేస్తే గొడ్డలి అంచే విరిగింది. నేను వెళ్లేసరికి ఆమె భర్త, తాపీమేస్త్రి ఏసురత్నం, దాన్ని సమ్మెటతో సగానికి పగలగొట్టేశాడు. ఒక సగం అప్పటికే పునాదిలో సిమెంటు కింద ఉంది.

మిగిలిన సగం మీద నీళ్లు పోసి, ఆయనకు నా భూతద్దం ఇచ్చాను. విరిగిన చోట వలయాలు స్పష్టంగా కనిపించాయి.

"కర్ర రాయెట్లా అయిద్దండి?" అన్నాడాయన.

చెట్టు పడి బురదలో కూరుకుపోయిందని, గాలి తగలక కుళ్లలేదని చెప్పాను. భూమిలో ఊరే నీటిలో సిలికా కరిగి ఉంటుంది. ఆ నీరు కర్రలోని సన్నటి గొట్టాల్లోకి ఇంకి, సిలికాను అక్కడే పేరబెట్టింది. కర్ర కొద్దికొద్దిగా పోతుంటే దాని చోట్లోకి సిలికా వచ్చి చేరింది. లక్షల ఏళ్లకు చెట్టు పోయి ఆకారం మిగిలింది. ఎముకలు, గవ్వలు కూడా ఒక్కోసారి ఇలాగే మారతాయి.

ఆయన చాలాసేపు భూతద్దం దించలేదు. "పోత పోసినట్టేగా," అన్నాడు చివరికి. "అచ్చు కరిగిపోయి పోత నిలబడింది."

మరియమ్మ నవ్వలేదు. "నేను చెప్పినన్నాళ్లూ రాయే సార్. మీరొచ్చి చెప్పగానే చెట్టయింది."

"తప్పు నాదేలే," అన్నాడు ఏసురత్నం తల ఎత్తకుండా. తర్వాత ఇద్దరూ ఆ సగాన్ని మోసుకెళ్లి గుమ్మం పక్కన నిలబెట్టారు.

ఆమెకు సిలికా అనే మాట తెలియదు. గొడ్డలి దెబ్బకు లేచిన పెచ్చు మీద చారలు చూసి చెట్టని పోల్చుకుంది. నేను దానికి కారణం మాత్రమే చెప్పాను. పునాదిలోని సగాన్ని తీయించమని అడగాలనిపించింది. అడగలేదు. ఇల్లు వాళ్లది.

ఇలాంటి రాళ్లు చూడాలనుకునేవాళ్లు వానలు వెలిశాక, దుక్కులు మొదలవకముందు వెళ్లండి. మట్టి కొట్టుకుపోయి రాళ్లు పైకి తేలి ఉంటాయి. పొలంలో అడుగుపెట్టే ముందు రైతునడగండి.