జీతోకు నేను కుదిర్చిన బావ

కుదరబోతున్న సంబంధాన్ని చెడగొట్టడానికి ఎంతసేపు పడుతుంది? గ్లాసెడు మజ్జిగ తాగేంత సేపు. నా పన్నెండో ఏట, నిజాం రాజ్యంలోని పాలమూరులో, ఈ లెక్క నేనే స్వయంగా తేల్చాను.

మా పక్కింట్లో ఒక సర్దార్ల కుటుంబం ఉండేది. రైలు వంతెనలకు కొయ్యపని చేసే రాంగఢియా వాళ్ళు. ఊరికి వచ్చి తొమ్మిదేళ్ళు. వాళ్ళమ్మాయి జీతో నాకంటే ఐదేళ్ళ నాలుగు నెలలు పెద్దది. ఆమెను చూడటానికి నాందేడు నుంచి పెళ్ళివారు వచ్చారు. ఇది తప్పిపోతే పంజాబు దాకా వెతుక్కోవాలని జీతో తల్లి (నాకు చాచీ) ఆ పొద్దున మూడుసార్లు అంది. నేను లెక్కపెట్టాను.

పెళ్ళికొడుకు తల్లికి మజ్జిగ ఇచ్చి రమ్మన్నారు. మాటలు నేను సొంతంగా కలిపాను. ఆమె అడిగింది ఉర్దూలో. మీకోసం మన మాటలో రాస్తున్నాను.

"వాకిట్ల పగిడీ చుట్టుకునే పిలగాడు ఎవరు బిడ్డా?"

"బల్బీర్. జీతో మేనమామ కొడుకు. బావ."

"బావ అంటే?"

"జీతోను చేసుకునే హక్కు ముందు ఆయనదే. ఆయన వద్దంటెనే గదా బయట చూసేది."

ఆమె గ్లాసు కింద పెట్టి చెప్పులు వెతుక్కుంది. చాచీ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది.

"తొమ్మిదేండ్లల్ల మీరు గూడ ఈడోళ్ళ తీరు అయిండ్రా?" అంది పెళ్ళికొడుకు తల్లి. "చెల్లెను అన్నకిచ్చే ఇల్లు మాకొద్దు."

"ఎవరన్నరు బహెన్‌జీ? తండ్రి గోత్, తల్లి గోత్, నాయనమ్మది, అమ్మమ్మది, నాలుగు ఇడిసిపెట్టే మేం పిల్లనిస్తం. మామ కొడుకంటే సొంత అన్నే గదా."

నా మాట అబద్ధమైపోతోంది. అబద్ధాలకోరుననిపించుకోవడం నావల్ల కాదు. నా దగ్గరున్న గట్టి సాక్ష్యం బయటపెట్టాను.

"చాచీకి తెల్వదు. మొన్న పున్నమికి జీతో ఆయన చేతికి ఎర్రదారం కట్టింది. నా కండ్లతోని చూసిన. దాని మీద పువ్వు గూడ ఉన్నది."

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. అన్నకు చెల్లెలు రాఖీ కడుతుందని మా వాడకట్టులో అప్పటికి ఎవరికీ తెలియదు. పెళ్ళికొడుకు తల్లి చెప్పులు వదిలి మళ్ళీ కూర్చుంది. భుజాలు కదిలేలా నవ్వింది.

"మీ అమ్మ ఎవరిని చేసుకున్నది?"

"మేనమామ కొడుకును."

"మీ అవ్వ?"

"ఆమె గూడ."

"మరి నిన్నెవరికిస్తరు?"

"మేనత్త కొడుకున్నడు."

ఆమె నన్ను దగ్గరికి తీసుకుంది. కళ్ళు తుడుచుకుంటూ చాచీతో అంది: "పాపం, వీళ్ళింట్ల అన్నలందరిని మొగుండ్లను జేసుకుంటే, ఆపతికి పిలుసుకునేటందుకు ఒక్కడన్న మిగిలిండా?"

సంబంధం ఖాయమైంది. నేను ఆ సాయంత్రమే దీపం ముందు చేయి చాపి ఒట్టు పెట్టుకున్నాను: ఏ ఇంట్లోనైనా సరే, ఎవరు ఎవరికేమవుతారో ఆ ఇంటివాళ్ళు చెప్పేదాకా, నా లెక్కలో వాళ్ళంతా ఒకే బస్సు కోసం నిలబడ్డ ప్రయాణికులు.