మౌలాలీ కారు, పన్నెండు దారాలు

మౌలాలీని మొదటి రోజునుంచీ నేను నమ్మలేదు. నరసరావుపేటలో మా పక్క వాటాలోకి ఆ మొగుడూ పెళ్లామూ దిగింది అరవై ఒకటిలో. గురజాలనుంచి వచ్చామన్నాడు. వాళ్ల నాయన చిల్లుపడ్డ కందిళ్లకు మాట్లేసేవాడట. తను మిల్లు ఇంజనుకు చమురు పోస్తూ పని నేర్చుకున్నాడట. అట్టాంటి మనిషి పెరట్లో కారు తయారు చేస్తానంటే ఎవరు నమ్ముతారు? పాత మిలిటరీ జీపు ఇంజనొకటి, రెండు లారీల తుక్కు, వడ్రంగి కొట్టిన చెక్క బాడీ. వాటికి అడ్డంగా గోనెపట్టా కట్టాడు. దాచే పని లేకపోతే పట్టా ఎందుకు?

ఆ పట్టాకి సరిగ్గా నా కంటి ఎత్తులో ఒక చిల్లుంది. అది నేను చేసింది కాదు.

మాచర్లనుంచి నాపరాళ్లు తోలే నాలుగు లారీల ఆసామి గోపాలకృష్ణయ్య గారు ఒకరోజు వచ్చి చూశాడు.

“ఒరేయ్ మౌలాలీ, ఈ తుక్కు లేచి నడిస్తే నా లారీల రిపేర్లన్నీ నీ చేతికే. అయితే ఒక మాట. కొత్త బండ్లతో పుస్తకాలొస్తున్నయ్. అవి చదివి పనిచేసేవాడు కావాల నాకు. వేలిముద్రగాడికి నా బండ్లియ్యను.”

“చదవతా బాబూ,” అన్నాడు మౌలాలీ.

మర్నాటినుంచీ మౌలాలీ చేతిలో ఆసామి ఇచ్చిన ఒక ఇంగిలీషు పుస్తకం. చిల్లులోంచి చూద్దును గదా, అట్ట మీద కారు బొమ్మ చక్రాలు ఆకాశానికెత్తి పడుకోనుంది! నేను అయిదో తరగతి దాకానే చదివాను, ఇంగిలీషు రాదు. కానీ కారుకు చక్రాలు ఎటుంటాయో తెలవదా?

“ఏమే ఖాతూన్, మీ ఆయన పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాడేందే?” అని వాళ్లావిడ ఖాతూన్ బీని అడిగాను.

“ఆయనకు ఎట్టా పట్టుకున్నా వస్తదిలే అక్కా,” అని బిందె చంకనెత్తుకుని పోయింది. నవ్వలేదు. అక్కడ నా అనుమానం ఇంకా ముదిరింది.

తర్వాత దారాలు మొదలైనయ్. స్టీరింగు ముందు చెక్కకు వరసగా పన్నెండు చిల్లులు. ఇంజను దగ్గరనుంచి వచ్చిన వైరు ఒక్కోదాన్నీ ఒక్కో చిల్లులోంచి బయటికి లాగి, దాని మెడకు రంగుదారం చుట్టి ముళ్లు వేస్తున్నాడు. వేస్తూ గొణుగుతున్నాడు: “తెలుపు రెండు, డైనమో. ఎరుపు మూడు, సెల్ఫు. పచ్చ ఒకటి, కాయిలు...” రోజూ అదే వరస. ఆ వారమే మా బర్రె చేపడం మానేసింది. దూడను వదిలినా చుక్క రాలదు. ఇంకేముంది, చేతబడే అనుకున్నాను. డైనమో అంటే ఏ దయ్యం పేరో అనుకున్నాను. మా పాస్టరు గారికి అప్పజెప్పడానికి ఆ గొణుగుడంతా కంఠతా పట్టాను.

శుక్రవారం మౌలాలీ నమాజుకు పోయాడు. ఖాతూన్ బీ బావి దగ్గరుంది. నేను ప్రభువును తలుచుకుని పట్టా ఎత్తి లోపలికెళ్లి, చెక్క దగ్గరున్న పన్నెండు దారాలూ పీకేసి పొయ్యిలో పెట్టాను.

గంట తిరక్కుండా గోడవతల ఏడుపు వినపడింది. ఖాతూన్ బీ. ఆమె వెనక మౌలాలీ గొంతు: “ముళ్లే గదే నా అక్షరాలు. వైర్లన్నీ చమురు పట్టి ఒకటే నలుపు. ముళ్లు తడమందే వరస నోటికి రాదు, ఏది ఏందో నాకెట్టా తెలుసుద్ది? ఒక్కోటీ బల్బు పెట్టి చూస్తే పొద్దుగూకుద్ది. ఆసామి మూడింటికి బ్యాటరీ తీసుకొస్తన్నాడు. పుస్తకం చూసి కలపమంటాడు. అయిపోయింది, లారీలు పోయినట్టే.”

చేసింది నేను. పోయేది వాళ్ల కూడు. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లి నిలబడ్డాను.

“నేనే పీకాను అబ్బాయ్. చేతబడనుకున్నా.”

ఆయన నన్ను తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

“ఎడమనుంచి మొదటిది తెలుపు రెండు, డైనమో. రెండోది ఎరుపు మూడు, సెల్ఫు,” అన్నాను.

మౌలాలీ తలెత్తాడు. “ఇది నీకెట్టా తెలుసక్కా?”

“పట్టాకి చిల్లుందయ్యా. కానియ్, కలుపు!”

నేను చెబుతుంటే ఆయన కలిపాడు. మూడింటికి గోపాలకృష్ణయ్య గారు రానే వచ్చాడు. బ్యాటరీ పెట్టారు. మౌలాలీ బిస్మిల్లా అని సెల్ఫు కొట్టాడు. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది! గోనెపట్టా గాలికి ఎగిరింది. ఖాతూన్ బీ నా చెయ్యి నలిపేసింది.

“లైటెయ్,” అన్నాడు గోపాలకృష్ణయ్య గారు.

స్విచ్చేస్తే లైటు వెలగలేదు. హారను ఊళ్లో వాళ్లంతా ఉలిక్కిపడేట్టు మోగింది. పదకొండోదీ పన్నెండోదీ నేను తారుమారు చెప్పాను.

గోపాలకృష్ణయ్య గారు మొహం చిట్లించాడు. “ఇదేందిరా? పుస్తకంలో ఇట్టాగే ఉందా? అసలు నీకు చదువొచ్చా?”

మౌలాలీ చెక్క కిందికి వంగాడు. ఆసామి నావైపు తిరిగాడు. “రాహేలమ్మా, ఈ వీధిలో నీకు తెలవంది లేదు. నువ్వు చెప్పు.”

బైబిలు వాక్యం చదివే నోటితో అబద్ధమాడను.

“ఆ పుస్తకం మౌలాలీ చేతిలో లేని రోజు నేను చూడలేదు బాబూ. ఇక ఆ హారనంటారా, కలిపేటప్పుడు పక్కన నిలబడి వాగి తప్పు కలిపించింది నేను.”

“నీకెందుకమ్మా మగాళ్ల పనుల్లో?” అని కసిరాడు. మౌలాలీ అప్పటికే చెక్క కిందికి దూరి రెండు వైర్లూ మార్చాడు. ఈసారి లైటు గోడ మీద పడింది. సోమవారం మొదటి లారీ వచ్చి మా వీధిలో ఆగింది.

మౌలాలీ పుస్తకం ఎటు పట్టుకున్నాడో గోపాలకృష్ణయ్య గారు అడగలేదు, నేను చెప్పలేదు.

బర్రె మాత్రం నేను దారాలు కాల్చిన సాయంత్రమే చేపింది. ఎందుకు చేపిందో నాకిప్పటికీ అనుమానమే.