జడల లెక్క

రాయికల్ బీడీల వాడలో నవనీతను యూనివర్సిటీ పరిశోధకురాలని ఎవరూ అనరు, మెడలు కొలిచే మేడం అంటారు. చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్య నేలమీదే కూర్చుంటుంది. మెడ వంపు కొలిచే స్టీలు కోణమానిని చల్లగా తగలకుండా ముందు చున్నీతో రుద్దుతుంది. మెడ వంచే పని లేకుండా చాటను ఎత్తులో నిలిపే చిన్న చెక్కపీటను రెండేళ్లు కష్టపడి ఆమే తయారుచేసింది. ఇప్పుడు యూనివర్సిటీ ఆఫీసు నుంచి ఫారం వచ్చింది. ఈ పరిశోధన ప్రభావం ఎంతో రాయకపోతే పీటల పని ఆగిపోతుంది.

"పోశవ్వా, మెడనొప్పి ఎంత తగ్గింది?" అని, పీట మీద చాట పెట్టుకుని బీడీలు చుడుతున్న ముసలామెను నవనీత అడిగింది.

"ఎంతంటే ఏం జెప్పాలె బిడ్డా! మొన్నటిదాంక చేతులు మీదికి లేవకపోతుండె. గిటు తిరిగి కూసో," అంటూ పోశవ్వ ఆమె జడ విప్పి, మెల్లగా, బిగువుగా మళ్లీ అల్లింది. నవనీతకు కళ్లు చెమర్చాయి.

"పోశవ్వ జడ వేయగలుగుతోంది" అని ఫారంలో రాసింది. అంకె కావాలని ఆఫీసు తిప్పి పంపింది. నవనీత విసుక్కోలేదు. నాలుగు రోజులు వాడంతా తిరిగి, నలభై ఒక్క ఇళ్లలో పీట వాడే ఆడవాళ్లతో జడ వేయించుకుని, ఆ అంకె రాసి పంపింది.