నేను టైపు చేసిన వెంటిలేటర్

శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను నాలుగేళ్లు కోడింగ్ చేశాను. చేసిన ప్రతి వైద్యానికీ బీమా వాళ్ల జాబితాలో ఒక నంబరు ఉంటుంది. కేస్ షీట్ చదివి ఆ నంబరు కంప్యూటర్లో ఎక్కించడం నా పని. దాని పక్కనున్న పేరే డిశ్చార్జ్ కాగితం మీద అచ్చయ్యేది.

నేను చేరిన రెండో ఏడు మా ఐసీయూకి హై ఫ్లో మెషిన్ వచ్చింది. ఆక్సిజన్ కలిపిన గాలిని వెచ్చచేసి, తడిపి, ముక్కులోకి జోరుగా పంపుతుంది. వెంటిలేటర్‌కి లాగా గొంతులో గొట్టం ఉండదు. శ్రీముఖలింగం దగ్గర పల్లె నుంచి న్యుమోనియాతో వచ్చిన ఒక రైతు భార్యకి దాన్ని పెట్టారు. బీమా కాగితం మీద సంతకం కోసం వెళ్తే, ముక్కున ఆ గొట్టాలతోనే నాతో మాట్లాడింది.

"మా ఆవుకి కుడితెట్టినారో లేదో మా ఆయన్ని ఓపాలి అడుగమ్మా."

వారానికి కోలుకుంది. కోడ్ వేయబోతే జాబితాలో హై ఫ్లో లేదు. ఆక్సిజన్ ఉంది, వెంటిలేటర్ ఉంది, అంతే. మేనేజర్ని అడిగాను.

"వెంటిలేటరని ఏసెయ్. ఆక్సిజనంటే ఐసీయూ ఎందుకని బీమావోళ్లు తిప్పి పంపుతారు."

"అది వెంటిలేటర్ కాదండి."

"నువ్వేటి, డాక్టరువా? సెప్పింది సెయ్యి."

చేశాను. అక్కడే నా మీద నాకు అసహ్యం.

మరుసటి ఏడు వానల్లో ఆమెను మళ్లీ తెచ్చారు. రొప్పుతోంది. కేస్ షీట్ల కోసం నేను ఐసీయూలోనే ఉన్నాను. కొత్త డ్యూటీ డాక్టరు పాత కాగితం చదివి, "పోయినసారి వెంటిలేటర్ మీద పెట్టారు. ఈసారీ తప్పేలా లేదు. సంతకం పెట్టండి" అని ఆమె భర్తతో అన్నాడు.

ఆయన కాగితం వెనక్కి తోశాడు. "మా ఊళ్లో అదెక్కినోళ్లు ఒక్కరూ తిరిగి రాలేదు బాబూ. ఇంటికి తీసుకుపోతాను."

మంచం మీది నుంచి ఆమె అంది, ఒక్కో మాటా కూడదీసుకుని: "నాకు గొంతులోన గొట్టమెయ్యలేదు. ముక్కులోన గాలెట్టినారు. మాటాడినాను కూడా."

"ఆయాసంలో మీకు గుర్తుండదమ్మా. కాగితంలో ఉంది కదా" అన్నాడు డాక్టరు.

నా ఒళ్లు మండిపోయింది. తన గొంతులో ఏం దిగిందో ఆమెకు తెలియదట, నా వేళ్లకు తెలుసట! రికార్డు గదికి పరుగెత్తి, పాత నర్సింగ్ షీట్లు తెచ్చి డాక్టరు ముందు పడేశాను.

"చదవండి. ఇది సిస్టర్లు రాసిన నిజం. ఆ వెంటిలేటర్ అబద్ధం, నేను టైపు చేసింది."

ఆయన చదివి, ముందు హై ఫ్లో పెట్టమని సిస్టరుకి చెప్పాడు. అప్పటికే సంచీ సర్దుకుంటున్న భర్తకి నేను అడ్డం వెళ్లాను.

"తీసుకుపోవద్దు. పోయినసారి పెట్టిందే పెడుతున్నారు."

"మరి ఎంటిలేటరని ఎందుకు రాసినారు? మాకు సదువు రాదని ఏటి రాసినా సెల్లిపోద్దా?"

ఆయన కోపంలో ఒక్క పిసరు కూడా ఎక్కువ లేదు.

ఆమె బతికింది. ఇంటికెళ్లే రోజు క్షమించమని అడగడానికి వెళ్లాను. "నువ్వేనా రాసింది?" అంది. తిట్టలేదు. "పక్కకి తొలుగమ్మా, బస్సెల్లిపోతాది" అని నన్ను దాటుకుని వెళ్లిపోయింది.

ఈసారి ఆక్సిజన్ కోడే వేసి, కింద ఖాళీలో "ముక్కు ద్వారా హై ఫ్లో, గొంతులో గొట్టం వేయలేదు" అని రాశాను. బీమా వాళ్ల నుంచి అది తిరిగొచ్చింది. మేనేజరు అందరి ముందూ అరిచాడు. ఆయనకంటే గట్టిగా నేను అరిచాను. పాత కాగితం సరిచేయమన్నాను. మూసిన ఫైలు తెరిచేది లేదన్నారు. నన్ను ఓపీ కౌంటర్లో టోకెన్లు రాయడానికి కూర్చోబెట్టారు. రెండు నెలలు రాసి మానేశాను. నేనున్నన్నాళ్లూ ఆ జాబితాలో హై ఫ్లో చేరలేదు.