డిక్కీకి కట్టిన తాడు

మా నాన్న ప్రాణం తీసింది మా అన్నయ్య విన్న పాటలు కావు. మా బంధువుల్లో పెళ్ళికో పేరంటానికో నలుగురు చేరినప్పుడు, ఎవరి కారైనా మొరాయించిందంటే చాలు, ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుకుంటారు. కొడుకు కారులో కూర్చుని పాటలు విని బ్యాటరీ దింపేశాడట, తండ్రికి గుండెనొప్పి వచ్చి ఆస్పత్రికి బయల్దేరితే కారు కదల్లేదట. వినేవాళ్ళు అయ్యయ్యో అంటారు. చిన్న కథ, చెప్పడానికి వీలుగా ఉంటుంది, చివర్లో పిల్లలకి నీతి కూడా ఉంటుంది. నిజం కాదన్న ఒక్క లోటు తప్ప దానికి వేరే లోటేమీ లేదు.

పోయిన నెల చీరాలలో ఒక నిశ్చితార్థానికి వెళ్ళినప్పుడు మళ్ళీ విన్నాను. మా మేనమామ మనవరాలు, ఇంజినీరింగు చదివే పిల్ల, హాలు బయట కారు ఇంజను ఆపేసి, అద్దాలు దించుకుని హాయిగా పాటలు వింటోంది. మావయ్యకి ఎనభై దాటినా గొంతు మాత్రం తగ్గలేదు. "ఏయ్ పిల్లా, దిగు ముందు! ఇట్టా కారులో పాటలు విని కన్నతండ్రిని చంపుకున్నాడు మా మేనల్లుడొకడు!" అని పందిరంతా వినబడేట్టు అరిచాడు. అన్నయ్య పోయి రెండేళ్ళయింది. ఆయన భార్య, మా వదిన, నా పక్కనే కూర్చుని పులిహోర తింటోంది. ఆవిడ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"మావయ్యా, ఇక చాల్లే ఆపు. ఆ రోజు నీ కళ్ళ ముందే చూపించాం కదా, అంతా మర్చిపోయావా?" అన్నాను.

"అమ్మో, లాయరమ్మ లేచింది! పోయినోళ్ళ గొడవ ఇప్పుడెందుకే, అన్నం తిను."

"ఎత్తింది నువ్వు, తినమంటున్నది నన్నా?"

నలుగురూ నవ్వారు. నేను మాట్లాడితే నవ్వడం మా వాళ్ళకి అలవాటు. వదిన నవ్వలేదు. అందుకే ఈసారి నోటితో కాకుండా కాగితం మీద చెబుతున్నాను, కాగితానికి ఎవరూ అడ్డం రారు కదా.

మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. నాన్నది గుంటూరు మిరప యార్డులో కమీషన్ వ్యాపారం. పొన్నూరులో రైసుమిల్లు ఆసామి ఒకాయన వాడి వదిలేసిన తెల్లకారు నాన్న మోజుపడి కొనుక్కొచ్చాడు. మా ఇంటికొచ్చిన ఏడాదికే దాని సీట్లు ఎర్రబారాయి. ఆ కారులో ఎక్కినవాడు ముందు తుమ్మాలి, తర్వాతే ప్రయాణం. కొత్తవాళ్ళు తుమ్ముతుంటే నాన్న అద్దంలో చూసి ముసిముసిగా నవ్వేవాడు. ఈ వయసులో నాకు ఆయన ముఖం కొంచెం చెదిరింది గానీ ఆ నవ్వు చెదరలేదు.

మన వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఆవకాయ కారానికి ఎవరూ కొట్టుకి పోయేవాళ్ళు కాదు, మిరపకాయలతో సంబంధమున్న చుట్టం ఒకడు ప్రతి వంశంలోనూ ఉండేవాడు. మా వంశానికి ఆ చుట్టం నాన్న. యార్డుకి వేసవి సెలవులిచ్చే ముందు మేలురకం కాయ ఏరి పక్కన పెట్టించి, మేనత్తలకీ మావయ్యలకీ వియ్యాలవారికీ ఏడాది కారానికి సరిపడా తనే కారులో తీసుకెళ్ళి ఇచ్చి వచ్చేవాడు. ఎవరైనా కొన్న కారంతో పచ్చడి పెట్టారని తెలిస్తే తన తల తీసేసినట్టు బాధపడేవాడు. యార్డులో టిక్కీ అని పిలిచే గోనెబస్తా ఒకటి పడితేనే ఆ డిక్కీ నిండిపోతుంది. నాన్న రెండు కుక్కేవాడు. మూత పడేది కాదు. జనపతాడు తెచ్చి, మూతని కింద బంపరుకి లాగి కట్టి, ముడి మీద అరచేత్తో రెండు దెబ్బలు చరిచి, ఇక బయల్దేరదాం అనేవాడు. ఏళ్ళ తరబడి అలా చేసేసరికి మూత వంకరపోయి, బస్తాలు లేనప్పుడు కూడా నొక్కిపెడితే గానీ పడేది కాదు.

ఆ ఏడు కూడా యార్డు మూసేశారు, రెండు టిక్కీలు డిక్కీలో ఎక్కాయి, తాడు బిగిసింది. ఈలోగా ఎండలు ముదిరాయి, నాన్నకి కాస్త నలతగా ఉంది, నాలుగు రోజులాగి పంచుదాంలే అని కారు వేపచెట్టు కింద పెట్టేశాడు. డిగ్రీ ఆఖరేడు పరీక్షలు రాసి వచ్చిన అన్నయ్య ఒక సాయంత్రం తలుపు తెరిచి, కాళ్ళు బయటికి చాపుకుని, కొత్త క్యాసెట్టు ఒకవైపు మాత్రం విన్నాడు. వీధి వీధంతా చూసింది ఇదే. ఆ మర్నాడు పొద్దున నాన్న కారు స్టార్టు చేసి, ఎండ పడకుండా పశువులపాకలోకి మార్చాడు. తాళం తిప్పగానే అందుకుంది. ఇది మాత్రం వీధి చూడలేదు, నేను చూశాను. ఆ తర్వాత కారు ఆ పాకలోనే చాలా రోజులు కదలకుండా ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం భోజనం చేసి లేస్తూ నాన్న ఛాతీ పట్టుకున్నాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది. అన్నయ్య ఆయన్ని రెండు చేతుల మీద ఎత్తి తీసుకెళ్ళి వెనక సీట్లో పడుకోబెట్టాడు. తాళం తిప్పితే చప్పుడు లేదు. పిల్లా పెద్దా వచ్చి రోడ్డు దాకా తోశారు, "ఒరేయ్ గేరులో వదలరా, ఇప్పుడు వదల్రా" అని కేకలు, అయినా అందుకోలేదు. చివరికి ట్రాక్టరు ట్రక్కులో పరుపు వేసి గుంటూరు బయల్దేరారు. ఏటుకూరు దాటకముందే నాన్న పోయాడు. తల అన్నయ్య ఒళ్ళో ఉంది.

శవాన్ని ఇంటి ముందు దించగానే అమ్మ నాన్న వైపు చూడలేదు, అన్నయ్య వైపు చూసింది. "నీ పాటలే మింగాయిరా మీ నాన్నని" అంది. ఏడుపులో అన్న మాట అని ఇప్పుడు నాకు తెలుసు. కానీ ఏడుపులో అన్న మాటని అక్కడున్నవాళ్ళంతా ఇళ్ళకి మోసుకుపోయారు. అన్నయ్య తలవంచుకుని నిలబడ్డాడు. పాటలు విన్న మర్నాడే నాన్న స్టార్టు చేశాడుగా అని నేను అరిస్తే, ఎవరో పెద్దావిడ నా నోరు మూసి లోపలికి లాక్కెళ్ళింది.

దినకార్యాలయ్యాక మావయ్యే కారుని మళ్ళీ పాకలోకి తోయించి, కొత్త బ్యాటరీ తెచ్చి వేయించాడు. డిక్కీ మాత్రం అమ్మ తెరవనివ్వలేదు. "ఆయన కట్టిన ముడి. నేను చెప్పిందాకా ఎవరూ విప్పడానికి వీల్లేదు" అంది. తాళాలు బీరువాలో పెట్టి, బీరువా తాళం కొంగుకి కట్టుకుంది. అన్నయ్య ఆ పాక వైపుకే పోలేదు. కొన్నాళ్ళకి మావయ్య వచ్చి కారు తీయబోతే కొత్త బ్యాటరీ కూడా చచ్చి ఉంది! ఇప్పుడు ఎవరు పాడారు పాటలు, బీరువాలో తాళాలా?

గుంటూరు నుంచి కారు ఎలక్ట్రీషియన్ని పిలిపించారు. మాటలపోగు. బ్యాటరీ కంపెనీల్నీ కాలాన్నీ తిడుతూ, "నేను చెయ్యి పెట్టానంటే జబ్బు దానంతటదే బయటికొస్తుందండీ" అని మావయ్యతో చెబుతూ, తన వెంట తెచ్చిన ఛార్జి ఉన్న బ్యాటరీ పెట్టాడు. నెగటివ్ తీగ ఊడదీసి, తీగకీ బ్యాటరీకీ మధ్య ఒక బల్బు తగిలించాడు. కారులో అన్నీ ఆపేసి ఉంటే ఆ బల్బు వెలగకూడదు. వెలిగింది.

"చూశారా, దొంగ ఇంట్లోనే ఉన్నాడు!" అన్నాడు.

"తలుపు తీసిపెట్టారు కదండీ, లోపలి దీపం వెలుగుతోంది. దొంగ మీరే" అన్నాను. నేనప్పుడు బీయస్సీ ఫిజిక్సు.

"అబ్బో! అయితే ఆ తలుపు బొత్తాం మీద వేలు పెట్టి నొక్కండి అమ్మాయిగారూ, నోరు కాదు" అన్నాడు.

నొక్కిపట్టాను. లోపలి దీపం ఆరింది, బల్బు మాత్రం కాస్త మందగించి వెలుగుతూనే ఉంది. అతను స్టీరింగు కింద దూరి ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ, బల్బు ఆరిందా అని అడుగుతూ వచ్చాడు. హారన్‌ది పీకాడు, ఆరలేదు. హెడ్‌లైట్లది పీకాడు, ఆరలేదు. ఇంకొకటి పీకగానే ఆరింది. ఆ ఫ్యూజు మీద ఉన్నవి రెండే, లోపలి దీపమూ డిక్కీ దీపమూ. లోపలిది నా వేలి కింద ఆరిపోయే ఉంది.

అందరం వెనక్కి తిరిగి ఆ తాడు వైపు చూశాం. అమ్మ అరుగు మీద నిలబడి ఉంది. విప్పమని చెప్పలేదు, వద్దని కూడా అనలేదు. ఎలక్ట్రీషియన్ ముడి విప్పి మూత ఎత్తేసరికి, అన్నాళ్ళు డిక్కీలో మగ్గిన మిరపఘాటు ఒక్కసారి బయటికి కొట్టి అందరికీ పొలమారింది. ఫ్యూజు మళ్ళీ పెట్టించి, బస్తా పక్కకి జరిపితే, మూలన చిన్న దీపం. మూత పూర్తిగా పడితేనే ఆరే దీపం అది. దానికి ఆనుకుని ఉన్న గోనె ముదురు గోధుమరంగులోకి మాడింది. యార్డు నడిచే రోజుల్లో కారు రోజూ గుంటూరు తిరుగుతుంది కాబట్టి దీపం రాత్రి తిన్న ఛార్జి పగలు నిండిపోయేది. సెలవుల్లో నిలబెట్టేసరికి కొంచెం కొంచెంగా అంతా తినేసింది.

నేను గెలిచినట్టే చెప్పాను. "అమ్మా, అన్నయ్య కాదు. ఇదిగో, ఇది" అన్నాను. ఆ బస్తాల్లో ఒకటి మావయ్య వాళ్ళింటికి పోవాల్సిందేనని కూడా అన్నాను. మావయ్య కండువాతో ముక్కు మూసుకుని అటు తిరిగాడు.

అమ్మ మెట్టు దిగి వచ్చి ఆ తాడుని చేతిలోకి తీసుకుంది. "అంటే ఏంటే, మీ నాన్నే తన చావు తను కట్టుకున్నాడంటావా? పోయినాయన మీద పెడతావా?" అంది. బతికున్నవాడైతే మోస్తాడు, పోయినవాడి మీద పెడితే ఎవరు మోస్తారు? మా ఇంట్లో ఆ నిమిషంలో జరిగిన తీర్పు అది. అన్నయ్య నా చెయ్యి పట్టుకుని "వదిలెయ్యవే" అన్నాడు.

నేను వదల్లేదు గానీ, అతను మాత్రం ఇల్లు వదిలాడు. చీమకుర్తిలో ఒక గ్రానైటు క్వారీ ఆఫీసులో చేరి, అక్కడే పెళ్ళాం పిల్లలతో స్థిరపడ్డాడు. కారు నడపడం వచ్చినవాడు జీవితాంతం బస్సులోనే తిరిగాడు. నాన్న తద్దినానికి మాత్రం ఏటా వచ్చేవాడు. అమ్మ అతనికి వడ్డించేది, మళ్ళీ ఏ మాటా అనలేదు, అన్నది వెనక్కీ తీసుకోలేదు, అలాగే పోయింది. ఒక ఏడు భోజనాలయ్యాక ఇద్దరం అరుగు మీద కూర్చుని ఉంటే, ఉన్నట్టుండి అడిగాడు.

"నువ్వు ఫిజిక్సు చదివావు గదా. ఆ పాటలు ఎంత తినుంటాయే?"

అన్నేళ్ళలో ఆ మాట అతని నోట వినడం అదే మొదలు. "ఏమీ లేదు అన్నయ్యా. దీపం రాత్రింబవళ్ళు తింది. నువ్వు విన్నది క్యాసెట్టులో ఒక పక్క. నువ్వు వినకపోయినా ఆ రోజుకి బ్యాటరీ చచ్చే ఉండేది" అన్నాను.

"కొంచెమైతే తినుంటాయిగా?"

"లెక్కలోకి రాదంటున్నానా!" అని కసిరాను.

సరేలే అని తలూపి, బస్సు టైమయిందని చెప్పులేసుకున్నాడు.

ఇప్పటి కార్లలో డిక్కీ మూత పడకపోతే ముందే బొమ్మ వేసి చూపిస్తుంది, దీపం కాసేపటికి దానంతటదే ఆరిపోతుంది. చుట్టాలెవరూ మిరపకాయల కోసం ఎవరి దారీ చూడరు, కారం ప్యాకెట్టులో ఇంటికే వస్తుంది. ఫోను కొడితే అంబులెన్సు వస్తుంది. వీటిలో ఏ ఒక్కటి అప్పుడున్నా నాన్న ఇంకొన్నాళ్ళు ఉండేవాడేమో, అన్నయ్య ఇంట్లోనే ఉండేవాడేమో. ఆ నిశ్చితార్థం నుంచి తిరిగి వస్తుంటే వదిన బస్సులో నా పక్కన కూర్చుని ఒకే ఒక్క మాట చెప్పింది. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన ఉండగా ఇంట్లో రేడియో మోగలేదుట, పిల్లలు పాటలు పెట్టుకుంటే ఏమీ అనకుండా లేచి వీధిలోకి వెళ్ళిపోయేవాడట.

జీవితంలో చాలామందితో వాదించాను, చాలా వాదనలు గెలిచాను, మావయ్యని కూడా ఏదో ఒక రోజు ఒప్పిస్తాను. నాకు తెలియాల్సింది ఒక్కటే. ఆ రోజు అరుగు మీద తలూపి వెళ్ళాడే, నేను చెప్పిన లెక్క మా అన్నయ్య నమ్మాడా?