పళ్ళాలు నిజంగా ఉన్నాయా

ఫోన్ మోగితే నాకు భయమని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. పాముకో చీకటికో భయపడితే జనం అర్థం చేసుకుంటారు. ఫోన్‌కి భయమంటే నవ్వుతారు. అందుకని డాలీగంజ్‌లోని మా ఇంట్లో ఫోన్ మోగిన ప్రతిసారీ బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పేదాన్ని. నా కడుపు మంచిది కాదని అమ్మ నిర్ణయించుకుంది. ఏళ్ళ తరబడి వాము నీళ్ళు తాగించింది. లేని జబ్బుకి ఆ మందు తాగుతూ వచ్చాను. నిజం చెప్పడం కన్నా అదే సులువనిపించింది.

మాట్లాడటం రాదు గాని, రాయడం ఇష్టం. డైరీ తెలుగులో రాస్తాను. మా దీవుల్లో నా ఈడువాళ్ళు తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే మాత్రం అక్షరాలు కూడబలుక్కుంటారు. కాబట్టి నా డైరీకి తాళం అక్కర్లేదు, టేబుల్ మీదే పడి ఉంటుంది. అమ్మకు చదవడం వచ్చు గాని, ఆవిడ ఓపికంతా సీరియళ్ళకే చాలదు.

ఇలాంటి నేను ఒక సంఘంలో చేరాను. ఇక్కడి కాలేజీలకూ హాస్టళ్ళకూ కలిపి ఒక పర్యావరణ సంఘం ఉంది. విద్యార్థులు, లెక్చరర్లు, మెస్‌లో వండేవాళ్ళు, తోటపని చేసేవాళ్ళు అందరూ అందులో సభ్యులే. వంటగది చెత్తను ఎరువు చేయడం, వాన నీళ్ళు పట్టడం, ప్లాస్టిక్ సీసాలు పోగేసి ఓడలో మెయిన్‌లాండ్‌కి పంపడం దాని పనులు. అన్నిటికన్నా గిరాకీ స్టీలు పళ్ళాలకు. ఏ క్యాంపస్‌లో ఫంక్షన్ జరిగినా ప్లాస్టిక్ ప్లేట్లు వాడకుండా సంఘమే పళ్ళాలూ గ్లాసులూ ఇచ్చి, మళ్ళీ తీసుకుంటుంది.

సంఘం కార్యదర్శి మాకు బోటనీ చెప్పిన సార్. వెబ్‌సైట్ చూసుకునే మనిషి కావాలని ఆయన అడిగినప్పుడు నేను చెయ్యెత్తాను. నోరు తెరవకుండా చేయగలిగిన పని అదొక్కటే కనిపించింది. ఆయన బాధ వేరు. సభ్యులంతా పొద్దున లేచింది మొదలు ఆయన జేబులో ఉండే సంఘం ఫోన్‌కే చేస్తారు. వెబ్‌సైట్ బాగుంటే దాన్నే చూసుకుని తనను వదిలేస్తారని ఆయన ఆశ.

"చూడు బేటీ," అన్నారు. "వానాకాలం అయ్యేలోగా నా ఫోన్ చుప్ అవ్వాలి. అవ్వలేదనుకో, ఈ ఫోన్ నీదే. వెబ్‌సైటూ నువ్వే, ఫోనూ నువ్వే."

ఆయన నవ్వుతూ అన్నారు. నేనూ నవ్వాను, చెమటలు తుడుచుకుంటూ. ఆ రోజు నుంచి నేను పర్యావరణం కోసం పని చేశానంటే అబద్ధం. ఆ ఫోన్ నా చేతికి రాకుండా ఉండటం కోసం చేశాను.

పాత వెబ్‌సైట్ మెయిన్‌లాండ్‌లో ఎవరో రెడీమేడ్‌గా తయారుచేసి అంటగట్టింది. తెరవగానే మంచు మీద తెల్ల ఎలుగుబంటి కనిపించాలి. ఆ బొమ్మ ఎంత బరువంటే, వాన పడేటప్పుడు మా నెట్‌లో ముందు చెవులు వచ్చేవి, టీ తాగి వచ్చేసరికి ముక్కు వచ్చేది. సభ్యత్వం ఫారమేమో మీకు దగ్గరలోని మెట్రో స్టేషన్ ఏదని అడిగేది. అది నింపకపోతే ముందుకు కదలదు. ఒకాయన నిజాయితీగా చెన్నై అని రాశాడు. ఓడ దిగాక మొదట వచ్చేది అదే కదా.

ఎలుగుబంటిని తీసేసి మా పళ్ళాల ఫోటో పెట్టాను. మెట్రో స్టేషన్‌ను కూడా తీసేశాను. తరువాత సార్ గదిలో ఒక మూల కూర్చుని, ఆయన ఫోన్‌లో చెప్పే జవాబులన్నీ విన్నాను. చేప తలకాయలు ఎరువు గుంతలో వేయొచ్చా, వేస్తే కుక్కల సంగతేంటి, విరిగిన గొడుగులు తీసుకుంటారా, పళ్ళాలు ఎప్పుడు ఖాళీ. వీటన్నిటికీ జవాబులు రాసి పెట్టాను, హిందీలోనూ తెలుగులోనూ. తెలుగు పేజీలో మాత్రం నేను చదివిన పుస్తకాల భాషంతా గుమ్మరించాను. ఏ తేదీ మీద నొక్కితే ఆ రోజు ఎన్ని పళ్ళాలు ఖాళీగా ఉన్నాయో కనిపించే పేజీ కూడా చేశాను. దాన్ని చూసుకుని నేనే మురిసిపోయాను.

కొత్త వెబ్‌సైట్ మొదలైన వారం నుంచి సార్ ఫోన్‌కి ఊపిరి తీసుకునే తీరిక లేకుండా పోయింది.

నేను మరిచిపోయిన సంగతి ఒకటుంది. మా దీవుల్లో రాసి ఉన్నదాన్ని చదివాక, ఎవరినైనా అడగాలి. జెట్టీ దగ్గర బోట్ల టైములు బోర్డు మీద రాసే ఉంటాయి. అందరూ దాన్ని శ్రద్ధగా చదువుతారు. చదివి, పక్కనున్న మనిషి దగ్గరికి వెళ్ళి, భయ్యా, బోటుందా అంటారు. గాలి మారితే బోటు ఆగిపోతుంది. ఆ విషయం బోర్డుకు తెలియదు, మనిషికి తెలుస్తుంది. నేను కష్టపడి చేసింది వాళ్ళకు ఇంకో బోర్డు. ఇదివరకు పళ్ళాలు ఇస్తారని తెలిసినవాళ్ళే ఫోన్ చేసేవాళ్ళు. ఇప్పుడు అందరికీ తెలిసింది. అందరూ చదివి, అది నిజమేనా అని సార్‌ని అడుగుతున్నారు.

వెంటనే మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో ఒక మాట చేర్చాను: ఇక్కడ రాసినదంతా నిజం, దయచేసి ఫోన్ చేయవద్దు. దాంతో సార్‌కి ఒంట్లో బాగాలేదా అని కనుక్కోవడానికి కూడా ఫోన్లు మొదలయ్యాయి.

ఆ మాట తీసేసి, నంబరే తీసేశాను. రెండు రోజులు ప్రశాంతంగా గడిచాయి. మూడో రోజు హోప్ టౌన్ నుంచి ఒక పెద్దాయన బోటెక్కి, హార్బర్ దాటి, తడిసిన బట్టలతో సార్ గదికి వచ్చారు. వెబ్‌సైట్‌లో నంబరు కనపడలేదని, అది అడుగుదామని వచ్చానని చెప్పారు. సార్ ఆయనకు టీ ఇప్పించి నంబరు చెప్పారు. ఆయన అక్కడే నిలబడి ఆ నంబరుకి ఫోన్ చేసి, అది సార్ జేబులో మోగడం విని, తృప్తిగా తిరుగు బోటుకి వెళ్ళిపోయారు. తను వచ్చిన పని ఏమిటో చెప్పనే లేదు. ఇంటికి చేరాక ఫోన్‌లో అడిగారట.

నంబరు మళ్ళీ పెట్టాను. వానలు తగ్గాయి. సార్ ఫోన్‌ను నా ముందు టేబుల్ మీద పెట్టి, మాట మాటే కదా బేటీ అన్నారు. కాదనవచ్చు. కానీ కాదనాలంటే మాట్లాడాలి. తీసుకుని బ్యాగులో వేసుకున్నాను, తేలును వేసుకున్నట్టు.

మర్నాడు పొద్దున్నే మోగింది. అలవాటు చొప్పున బాత్రూంలోకి పరిగెత్తి కుళాయి తిప్పాను. తిప్పాక చూస్తే ఫోన్ కూడా నాతో వచ్చేసింది. అది చేతిలో మోగుతూనే ఉంది. తలుపు అవతల అమ్మ, ఎత్తవేటే అని అరుస్తోంది. ఎత్తాను.

"సంఘమేనా? చౌల్దారీ హాస్టల్ మెస్ నుంచి మాట్లాడతన్నాను," అంది ఒక ఆడగొంతు. "వెబ్‌సైట్‌లో ఆదివారానికి పళ్ళాలున్నాయని రాసుంది. నిజంగా ఉన్నాయేటి?"

కుళాయి కింద బకెట్ నిండి పొర్లుతోంది.

"హలో. ఆడ వాన పడతందేటి? మా కాడ నేదే."

కుళాయి కట్టేశాను. ఇప్పుడు నా మౌనం ఇంకా బాగా వినపడుతోంది. అప్పుడు తట్టింది, జవాబు నేను ముందే రాసి పెట్టాను కదా అని. రెండో చేతిలో నా ఫోన్ తెరిచి, తెలుగు పేజీలో ఉన్నది ఉన్నట్టు చదివాను: "పళ్ళెములు లభ్యమగును. వినియోగానంతరం పరిశుభ్రపరచి, మరుసటి దినమున తిరిగి అప్పగించవలెను."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"పంతులుగారి మంత్రంలాగుంది," అంది. "కడిగి సోమవారం ఇచ్చెయ్యమనేనా?"

"అవును, దీదీ."

"మరదే రాయొచ్చు కదమ్మా."

తలుపు తీస్తే అమ్మ వాము నీళ్ళ గ్లాసుతో నిలబడి ఉంది. తాగేసి, కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ రెండు వాక్యాలూ కొట్టేసి, కడిగి మర్నాడు ఇచ్చేయండి అని రాశాను.

ఆ తరువాత పని అదే పద్ధతిలో సాగింది. ఫోన్ వస్తుంది, నేను రాసింది గట్టిగా చదువుతాను, అవతలివాళ్ళు ఎక్కడ అర్థంకాక హాఁ? అంటే అక్కడ మారుస్తాను. చేప తలకాయల గురించి ఒక పేజీ నిండా రాసింది, వేయండి గాని మూత మీద రాయి పెట్టండి అన్నంత అయింది. గాలివానకి బోటు ఆగి పళ్ళాలు రాని రోజున, రాలేదని ఆ పొద్దునే పేజీ మీద పెట్టడం మొదలుపెట్టాను. బోర్డుకు కూడా గాలి సంగతి తెలుసని జనానికి మెల్లగా నమ్మకం కుదిరింది. ఫోన్లు తగ్గాయి. చౌల్దారీ దీదీ మాత్రం ప్రతి ఫంక్షన్‌కీ చేసేది. ఆమె నంబరు చూస్తే నేను కుళాయి దాకా వెళ్ళడం మానేశాను.

ఒకరోజు పొద్దుటి నుంచి ఒక్క ఫోనూ రాలేదు. సార్ కారిడార్‌లో ఎదురై, గెలిచావు బేటీ, ఇక ఆ ఫోన్ ఇచ్చేయి, బీరువాలో పడేద్దాం అన్నారు. నేను కోరుకున్నది అదే. ఉండనివ్వండి సార్ అని నా నోటి నుంచే వచ్చింది. నేను అన్నదానికన్నా, నేను మాట్లాడినందుకే ఆయన ఎక్కువ ఆశ్చర్యపోయినట్టున్నారు.

సాయంత్రం ఛార్జింగ్ ఉందో లేదో చూస్తుంటే మోగింది. రెండోసారి మోగేలోపే ఎత్తాను. చౌల్దారీ దీదీ. పళ్ళాలు కావాలా అని అడిగాను, వద్దంది. ఎరువు గుంత సంగతా అంటే అదీ కాదంది.

"వెబ్‌సైట్ తెరుచుకోవట్లేదా దీదీ? మరెందుకు చేశారు?"

"తెరుచుకుంటంది. అంతా చూసినానమ్మా, సాఫ్‌గా రాసినావు. నువ్వు తిన్నావో నేదో మాత్రం అందులో రాసి నేదు."