ఐసు ఫ్యాక్టరీ ఓనరమ్మ

పేదరికాన్ని కొలిచే పని కూడా చేయాలని ఉద్యోగంలో చేరినప్పుడు నాకెవరూ చెప్పలేదు. రాజమహేంద్రవరం నుంచి రోజూ బస్సులో వెళ్లి, గోదావరి గట్టు పక్కన ఓ ఊళ్లో మూడో తరగతికి పాఠాలు చెబుతాను. పిల్లల్ని బడికి పంపే పేద తల్లుల ఖాతాల్లో ప్రభుత్వం ఏటా డబ్బు వేస్తుంది. ఎవరు పేదో కంప్యూటరు తేలుస్తుంది. ఆ తీర్పు చదివి వినిపించి తిట్లు తినడం మా వంతు.

ఆ ఏడాది నా క్లాసులో ఒక్క తల్లికే రాలేదు. ఆవిడ రేవులో చేపలు అమ్ముతుంది. కరెంటు వాడకం పేదలకు పెట్టిన హద్దు దాటిందట.

"మా ఇంట్లో రెండు బల్బులు, ఒక ఫ్యానండి," అందావిడ. "ఆ ఫ్యానూ చేత్తో తిప్పితేగానీ తిరగదు."

ఇద్దరం ఊరి సచివాలయానికి వెళ్లాం. అక్కడి ఉద్యోగిని కంప్యూటరులో వెతికి, "మీ ఆధార్ మీద రెండు మీటర్లున్నాయండి. ఒకటి ఇల్లు, రెండోది ఐసు ఫ్యాక్టరీ," అంది.

ఆవిడ కంప్యూటరు వైపు వంగి చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది: "అయితే ఫ్యాక్టరీ నాదేనాండి?"

ఆవిడ భర్త ఆ ఫ్యాక్టరీలో వాచ్‌మన్. మీటర్లకు ఆధార్ కలిపే రోజుల్లో ఓనరుగారు ఏదో పనుందని వాచ్‌మన్ భార్య ఆధార్ జిరాక్సు తీసుకున్నారు. దాంతో ఈవిడ రాత్రికి రాత్రి సంపన్నురాలైంది, ఓనరుగారు పేదవాడిగా మిగిలిపోయారు. ఆయన కోడలి పేరు అర్హుల జాబితాలో దర్జాగా ఉంది.

మీటరు మార్చాలంటే ఆయన సంతకం కావాలి. మర్నాడు పొద్దున్నే ఫారం పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లాం. ఓనరుగారు ఇంకా రాలేదు. ఆవిడ చేపల గంప గుమ్మం దగ్గర దించి, తిన్నగా వెళ్లి ఆయన కుర్చీలో కూర్చుంది. మొగుడి ఉద్యోగం పోతుందేమోనని నాకున్న భయం ఆవిడకు లేదు.

ఆయన లోపలికి రాగానే, "ఆయ్, రండి, కూర్చోండి," అంది. "ఇక్కడి కరెంటు నా పేరు మీద కాలుతుందటండి. సాయంత్రం ఆపించేద్దామనుకుంటున్నాను."

"ఆపితే నా ఐసంతా కరిగిపోద్దమ్మా."

"మీ ఐసేంటండి, నా ఐసు."

ఆయన నావైపు తిరిగారు. "టీచరుగారూ, మీరైనా చెప్పండి."

"నేను పిల్లలకే చెబుతానండి," అన్నాను. ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

ఆయన సంతకం పెట్టారు. నెల్లాళ్లు తిరిగాక మీటరు మారింది. రెండో జాబితాలో ఆవిడ పేరు వచ్చింది, ఆయన కోడలి పేరు ఎగిరిపోయింది. వాచ్‌మన్‌ని మాత్రం తీసేయలేదు. ఆ జీతానికి ఇంకొకరు దొరకరు. ఓనరుగారు బస్టాపులో నన్ను చూస్తే ఇప్పటికీ ముఖం తిప్పుకుంటారు.

అంతకు ముందు ఏళ్లలో పేరు రాని తల్లులకు నేను ఒక్కటే చెప్పేదాన్ని: "పైనుంచి వచ్చిందమ్మా, మేమేం చేయలేం." చెప్పేసి హాజరు తీసుకునేదాన్ని. ఈసారి పాత జాబితాలు బయటికి తీసి, వాళ్లలో ముగ్గురికి ఫోన్ చేశాను. ఇద్దరు కాగితాలు తెస్తామన్నారు. మూడో ఆవిడ నేనెవరో చెప్పగానే ఫోన్ పెట్టేసింది.